ముందుగది కిరాయి

"ఇంట్ల కూసోని చేసే పనికి ఖర్చేముంటది మేడమ్?"

ఈ మాట అన్నాయన చెడ్డవాడేమీ కాదు. మెదక్ బస్టాండుకు ఎదురుగా మెట్లెక్కి పోతే ఒక ఇరుకు గదిలో కూర్చుని, ఊళ్ళో దుకాణదారులకు ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలు వేసిపెట్టే సారు. నేను పోగానే కుర్చీ చూపించాడు, చాయ్ చెప్పాడు, ఫ్యాను నావైపు తిప్పాడు. ఇంత మర్యాదా చేసి ఆ మాట అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. పుట్టినరోజులకు, పెళ్ళిరోజులకు, క్రిస్మస్‌కు. మొదట మా చర్చి వాళ్ళే కొనేవాళ్ళు. ఇప్పుడు పాపన్నపేట, రామాయంపేట దాకా పోతున్నాయి. పాపన్నపేట షేర్ ఆటోలో నిమ్మళంగా కూర్చున్న మనిషిని చూసి, ఒడిలో డబ్బా పెట్టి, "జర వంచకు పెద్దమ్మా" అని చెప్పి పంపిస్తాను. దిగేచోట కొన్నవాళ్ళు వచ్చి అందుకుంటారు. ఇంతవరకు ఒక్క కేకూ నుజ్జయి చేరలేదు, ఆ పెద్దమ్మల పుణ్యాన. ఇక కూర్చుని చేసే పని అంటారా, పొద్దున లేచి నిలబడితే నేను కూర్చునేది అన్నం తినేటప్పుడే, అదీ ఓవెన్ గంట కొట్టకపోతే.

ఆ సారు దగ్గరికి నేను సరదాకు పోలేదు. నా ఓవెన్ చిన్నది. ఒక పెద్ద కేకు పెడితే ఇంకోదానికి చోటుండదు. పెద్ద ఓవెన్ కోసం బ్యాంకుకు పోయాను. అక్కడి మేనేజరు నన్ను కూర్చోబెట్టి, వ్యాపారం మీదే అంటున్నారు కాబట్టి మీ పేరు మీద ఏడాది రిటర్ను తెండి అన్నాడు. నా పేరు మీద రిటర్ను లేదు. అయితే మీ ఆయన పేరు మీద తీసుకోండి, ఆయనకు జీతం స్లిప్పు ఉంది కదా, వారంలో డబ్బులు వస్తాయి అన్నాడు. మా ఆయన తూప్రాన్ దగ్గర ఒక కంపెనీలో సూపర్‌వైజరు. ఆయనకు మైదాకీ మొక్కజొన్న పిండికీ తేడా తెలియదు. అయినా కాగితం మీద కేకుల వ్యాపారి ఆయనే కావాలట.

ట్యాక్స్ సారూ అదే పాట పాడాడు. "మీ ఆయన రిటర్నుల కలిపేద్దాం మేడమ్. ఒకటే ఇల్లు గదా."

"ఇల్లు ఒకటే సార్. పని నాది" అన్నాను.

అప్పుడు ఆయన కొంచెం సర్దుకుని కూర్చుని రెండు దారులు చెప్పాడు. ఒకటి, అమ్మకాలెంతో చెప్పి అందులో ఒక వంతు లాభమని రాసెయ్యడం. బిల్లులు అడగరు. చిన్న వ్యాపారులంతా అదే చేస్తారు, తప్పేమీ లేదు. రెండోది, ఉన్న లెక్క ఉన్నట్టు రాయడం. కొన్న ప్రతి సరుకుకూ బిల్లు ఉండాలి. కరెంటులో పనికి ఎంత పోయిందో, ఇంటికి ఎంత పోయిందో విడదీయాలి. ఫోనూ అంతే. ఓవెన్ ఏటేటా అరుగుతుంది కాబట్టి ఆ అరుగుదలను కూడా ఖర్చులో రాయొచ్చు. ఇంటికి వాడుకున్నది మాత్రం ఒక్క గుడ్డు కూడా అందులో కలపకూడదు.

"గదంత ఏడాది పొడుగుత జేయాలె మేడమ్. ఇంటి పని, పిల్ల, వంట... మీతోని గాదు."

ఆయన ఆ చివరి మాట అనకుండా ఉంటే నేను మొదటి దారిలోనే పోయేదాన్నేమో. అన్నాడు కాబట్టి రెండోదే పట్టుకున్నాను. అప్పటికి ఎండలు ముదురుతున్నాయి, కొత్త లెక్కల ఏడాది మొదలు కాబోతోంది. ఈ ఏడాదంతా లెక్క పెడతాను, వచ్చే ఏడాది వానాకాలంలో నా పేరు మీద రిటర్ను వేస్తాను, అప్పుడే ఓవెన్ అని ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన నోరు తెరిచాడు.

"వారంల వచ్చే ఓవెన్‌ను ఏడాదికి పెడ్తవా? నా పేరు ఉంటే నీకేం పోతది?"

"నా పేరు పోతది."

ఆయన మంచి మనిషి. ఆ మాటకు ఆయనకు కోపం రాలేదు, అర్థమూ కాలేదు. ఏడాదిపాటు పెద్ద ఆర్డర్లు వదులుకోవాల్సి వస్తుందని నాకు తెలుసు. వదులుకుంటాను, అది నా ఇష్టం అనుకున్నాను.

మొట్టమొదట చేసిన పని, ఫ్రిజ్ మీద అంటించి ఉన్న క్యూఆర్ కాగితాన్ని గోటితో గీకి పారేయడం. అది మా ఆయన ఖాతాది. వ్యాపారం మొదలుపెట్టినప్పుడు ఆయనే ఉత్సాహంగా తెచ్చి అంటించాడు. నేను కేకు డబ్బాకు రిబ్బను కట్టేలోపే డబ్బులు వచ్చినట్టు తూప్రాన్‌లో ఆయన ఫోను మోగేది. నా వ్యాపారం ఎట్లా నడుస్తోందో నాకంటే ముందు ఆయన పక్క మిషన్ దగ్గర పనిచేసేవాళ్ళకు తెలిసేది. "ఇయ్యాల మీ ఇంట్ల మస్తు గిరాకీ ఉన్నట్టుంది గదా అన్నా" అని అనేవాళ్ళట. ఆ కాగితం ఊడి రావడానికి చాలాసేపు పట్టింది. దాని కింద ఫ్రిజ్ రంగు కూడా కొంచెం పోయింది. పోతే పోనీ అని నా పేరు మీద తెరిచిన ఖాతా కాగితాన్ని సరిగ్గా అక్కడే అంటించాను.

రెండో పని, ముందుగదికి విడిగా మీటరు. మాది మూడు గదుల ఇల్లు. వీధివైపు గదిలో ఓవెన్, బల్ల, ఫ్రిజ్ ఉంటాయి. కిరాయికి ఇచ్చే ఇళ్ళలో వాటాకొకటి చిన్న మీటరు పెడతారు కదా, అట్లాంటిదే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించాను. అది పెడుతుంటే మా అత్తమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

మా అత్తమ్మ గురించి చెప్పాలి. చర్చి హాస్టల్లో వంటమనిషిగా పనిచేసి రిటైరైంది. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. అది మా మామగారి ప్రేమ అనుకునేరు, అప్పులవాళ్ళు పట్టుకుపోతారన్న భయంతో ఆయన బతికున్నప్పుడు అట్లా రాయించాడు. ఏమైతేనేం, ఇల్లు ఆమెదే. ఆ సంగతి ఆమె మరిచిపోదు, మమ్మల్ని మరిచిపోనివ్వదు.

"నా ఇంట్ల మీటరు మీద మీటరా?" అంది. "రేపు నేను తాగే నీళ్ళకు గూడ పెడ్తవా?"

"నీళ్ళకు కాదత్తమ్మా, నా ఓవెన్‌కు."

"ఓవెన్ నీదైతే, అది నిలవడ్డ జాగ ఎవరిదే?"

ఎలక్ట్రీషియన్ నవ్వాపుకోలేక స్టూలు మీద ఊగాడు. నేను స్టూలు పట్టుకున్నాను. ఆ ప్రశ్నే తర్వాత ఇంకోలా తిరిగి వస్తుందని అప్పుడు నాకేం తెలుసు.

ఏడాది నడిచింది. సరుకు ఎక్కడ కొన్నా బిల్లు అడిగాను. కాగితం ముక్క మీద గీకి ఇస్తే వద్దన్నాను. గుడ్ల దుకాణం ఆయన, "నీకు గుడ్లు గావాల్నా, బిల్లు గావాల్నా?" అని చికాకుపడ్డాడు. రెండూ కావాలన్నాను. ఇంటికి వచ్చిన బిల్లునల్లా ఒక బిస్కెట్ల డబ్బాలో వేసేదాన్ని. ఇంటికి వాడుకున్న చక్కెర, నూనె ఇంటి డబ్బుతోనే కొన్నాను. మా అమ్మాయి పుట్టినరోజు వచ్చింది. కేకు చేశాను, డబ్బాలో పెట్టాను, మా ఆయనకు క్యూఆర్ చూపించాను.

"సొంత బిడ్డ కేకుకు పైసలా?"

"కేకు దుకాణంది. బిడ్డ మనది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి స్కాన్ చేశాడు. ఫోను ఈసారి నా చేతిలో మోగింది. ఆ చప్పుడు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఆయన వారం రోజులు కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాడు. సగం ఫిర్యాదు, సగం గొప్ప.

మళ్ళీ వానాకాలం వచ్చింది. రిటర్ను వేసే గడువు దగ్గరపడింది. ఆ వారమే రామాయంపేట నుంచి ఒక బడి వాళ్ళు కప్‌కేకులు కావాలన్నారు. చిన్న ఓవెన్‌తో అంత పని అంటే తెల్లవారుజామునుంచి పొద్దుగూకే దాకా దాన్ని ఆపడానికి వీల్లేదు. ముసురు పట్టి బయట బట్టలు కూడా ఆరడం లేదు. ఇల్లంతా చెమ్మ. మా అత్తమ్మకు వానాకాలంలో ఒక అలవాటు ఉంది. అగ్గిపెట్టె, ఉప్పు డబ్బా, పాపడాలు, మెత్తబడతాయనుకున్నవన్నీ తెచ్చి ఓవెన్ మీద పెడుతుంది. ఇదివరకు కట్టెల పొయ్యి పక్కన పెట్టేది, ఇప్పుడు ఓవెన్ మీద. నేను వద్దనడం మానేసి చాలా కాలమైంది.

కప్‌కేకులు ఆటో ఎక్కించి వచ్చాక, ఇక బిల్లులు సర్దుకుందామని డబ్బా కోసం చూస్తే గూట్లో లేదు. ఓవెన్ మీద, పాపడాల డబ్బాకూ అగ్గిపెట్టెకూ మధ్యన ఉంది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మూత తీశాను.

బిల్లులన్నీ నల్లగా ఉన్నాయి. కాలిపోలేదు. కాగితాలు కాగితాల్లాగే ఉన్నాయి, కానీ ఒక్క అక్షరం లేదు. దుకాణాల్లో మిషన్ నుంచి వచ్చే బిల్లులకు సిరా ఉండదు, వేడి తగిలిన చోటల్లా కాగితమే నల్లబడి అక్షరమవుతుంది. ఇప్పుడు కాగితం మొత్తానికీ వేడి తగిలింది. ఏడాదంతా పోరి, బతిమిలాడి, గుడ్లాయనతో మాటలు పడి తెచ్చుకున్నవి. పైనవీ అంతే, అడుగునవీ అంతే. కరెంటు బిల్లులు కూడా ఆ జాతివే.

ఏడవలేదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "ఎవరు పెట్టిన్రు దీన్ని ఈడ?" అని అరిచాను. ఇంట్లో ఉన్నది ఎవరని, అడగడానికి?

అత్తమ్మ లోపలి గదిలోంచి వచ్చింది. నా చేతిలోని నల్ల కాగితాలు చూసింది.

"గూడు చెమ్మ వచ్చింది బిడ్డా. నీ కాయితాలు నానిపోతయని తెచ్చి పెట్టిన. పాపడాలు మంచిగుంటున్నయి గదా, ఇవి గూడ మంచిగుంటయనుకున్న."

ఏడాదిపాటు నా లెక్కలను వెక్కిరించిన మనిషి, నాకంటే ముందు నా బిల్లుల గురించి భయపడింది. కోపం ఎటు పోవాలో తెలియక, నల్ల కాగితాలను మళ్ళీ డబ్బాలో సర్ది మూత పెట్టాను. రాత్రి మా ఆయన వచ్చి సంగతి విని, "ఇగ నా పేరు మీదనే తీస్కుందాం తియ్యి" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. నేను మంచం మీద అటు తిరిగి పడుకున్నాను. ట్యాక్స్ సారు మొహం కళ్ళముందు మెదిలింది. 'మీతోని గాదు.'

మర్నాడు ఇడ్లీలు దించుతుంటే అత్తమ్మ ఆదివారం చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"చెప్పులేస్కో. ఏ ఏ దుకాన్లల్ల కొన్నవో చూపియ్యి."

"ఎందుకత్తమ్మా?"

"మల్ల రాయించుకొద్దాం. కరాబు జేసింది నేనే గదా."

ఆటోలో పక్కన కూర్చుని గొడుగు మొనను చూసుకుంటూ చెప్పింది. "హాస్టల్ల వండినన్ని దినాలు సంతకం నాది, జీతం మీ మామది. ఆయనే పోయి తెచ్చేటోడు. ఒక్కనాడు నా చేతికి రాలె. అడుగుడు నాకు తోచలె. నీది గట్ల గావద్దు." అంత సేపు ఆమె నావైపు చూడలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మా పెళ్ళయినప్పటినుంచి అట్లా పట్టుకున్నది అదే మొదటిసారి.

సూపర్‌మార్కెట్‌లో పని తేలిగ్గానే అయింది, వాళ్ళ కంప్యూటర్‌లో ఉన్నాయి. కరెంటు బిల్లులు ఫోన్లోనే దొరికాయి. ముందుగది మీటరు రీడింగు నెలనెలా గోడ మీద క్యాలెండర్లో నేను రాసుకున్నది ఎట్లాగూ ఉంది, దాన్ని ఎవరూ ఓవెన్ మీద పెట్టలేదు. కష్టమంతా అట్ట డబ్బాలూ క్రీమూ అమ్మే హోల్‌సేల్ దుకాణం దగ్గరే వచ్చింది. దుకాణం యజమాని గల్లా మీంచి లేవకుండానే, "పాత బిల్లులు ఎక్కడ తియ్యాలమ్మా, గిరాకీ టైం ఇది" అన్నాడు.

అత్తమ్మ గొడుగు ముడిచి, అక్కడున్న క్రీము పెట్టె మీద కూర్చుంది.

"కొనేటప్పుడు కూసోవెట్టి చాయ్ తాపిస్తిరి. కాయితం అడిగితె టైం లేదా? కానియ్యుండ్రి, గిరాకీ అయినంక తియ్యుండ్రి. నాకు పనేం లేదు, కూసుంట."

దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరూ తెల్లచీరలో పెట్టె మీద కూర్చున్న ముసలామెను చూసి, ఏమైందమ్మా అని అడగడం, ఆమె ఓపిగ్గా మొదటినుంచీ చెప్పడం. మా కోడలు కేకులు చేస్తది, ట్యాక్స్ కడ్తదట, వీళ్ళు బిల్లు ఇస్తలేరు. మూడోసారి ఆ కథ వినేసరికి యజమాని లేచి కంప్యూటర్ దగ్గరికి పోయాడు. నేను నా బ్యాంకు ఖాతా కాగితాల్లోంచి ఏ రోజు ఎంత పంపానో చెబుతుంటే ఒక్కొక్కటే తీసి ఇచ్చాడు. డబ్బులన్నీ నా ఖాతాలోంచే పోయాయి కాబట్టి అంతా దొరికింది. ఫ్రిజ్ రంగు పోతే పోయింది.

గుడ్ల దుకాణం ఆయన చిన్న బిల్లు మిషన్‌లో పాతవి మిగలవు కాబట్టి, ఆయన మాత్రం తన పద్దు పుస్తకం చూసి చేత్తో రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. "ఈసారి పొయ్యిల పెట్టకుండ్రి" అన్నాడు. ఊరంతా అప్పటికే తెలిసిపోయింది. ఈసారి దుకాణంలో నిలబడే ప్రతి బిల్లుకూ ఫోన్లో ఫొటో తీసుకున్నాను.

అత్తమ్మ నాతోపాటు ట్యాక్స్ సారు మెట్లు కూడా ఎక్కింది. సారు బిల్లులన్నీ తిరగేశాడు, క్యాలెండర్ చూశాడు. చాలాసేపు క్యాలిక్యులేటర్ నొక్కాడు. ఖర్చులన్నీ పోగా మిగిలింది నాకు తెలిసినంతే వచ్చింది. పన్ను పడేంత లేదు, సిగ్గుపడేంత తక్కువా లేదు. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగాడు. అత్తమ్మ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించింది.

"అయితే ఇంగొక ఖర్చు రాయొచ్చు మేడమ్. పోయినేడు సంది ఆ గదికి మీ అత్తమ్మకు కిరాయి కట్టినట్టు ఒక కాయితం రాసుకొస్తె అయిపోతది. అందరు జేస్తరు."

"కట్టలేదు సార్."

"కట్టినట్టు రాసుకుందాం. మీకే ఫాయిద."

"పోయినసారి, నేను చేస్తున్న పనికి ఖర్చే లేదన్నరు. ఇయ్యాల, లేని ఖర్చును ఉన్నదంటున్నరు. రెండూ వద్దు సార్. ఉన్నది ఉన్నట్టు రాయండి."

గట్టిగానే అన్నాను. బయట వరసలో కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు. సారుకు కోపం రాలేదు. నిజానికి కొంచెం నవ్వాడు కూడా. అప్పుడు అత్తమ్మ బల్ల మీదికి వంగింది.

"పోయిన ముచ్చట ఇడిసిపెట్టు సారూ. వచ్చే నెల సంది కట్టుమను. నేను తీస్కుంట, సంతకం పెడ్త. కాయితం రాయి."

నేను ఆమె వైపు చూశాను. ఓవెన్ నిలవడ్డ జాగ ఎవరిదే అని అడిగిన మనిషే.

"గిట్ల చూడకు. జాగ నాది. నువ్వు నాకు కిరాయిదారువి" అంది.

రిటర్ను నా పేరు మీద పోయింది. వ్యాపారం చేసే చోటు అన్న దగ్గర మా ఇంటి నంబరే ఉంది. దాన్ని పట్టుకుని బ్యాంకుకు పోతే, మేనేజరు ఏడాది కిందటి మనిషిని గుర్తుపట్టి కూర్చోమన్నాడు. లోను మంజూరైంది. మా ఆయన కూడా వచ్చి సంతకం పెట్టాడు, జమానతు దగ్గర, నా అప్పుకు హామీదారుగా. పెన్ను మూత పెట్టుకుంటూ, "ఇప్పుడు నేను నీ మనిషిని అన్నట్టు" అన్నాడు. నీకు ఇప్పుడు తెలిసిందా అన్నాను.

కొత్త ఓవెన్ ముందుగదిలో సగం గోడ ఆక్రమించింది. మరుసటి నెల మొదటి తారీఖున నేను దాని ముందు నిలబడి పిండి కలుపుతుంటే, లోపలి తలుపు మీద ఎవరో కొట్టిన చప్పుడైంది. మా ఇంట్లో ఆ తలుపును ఎవరూ కొట్టరు, తోసుకుని వస్తారు. తిరిగి చూస్తే అత్తమ్మ. తన సొంత ఇంట్లో, గడప అవతల నిలబడి ఉంది. చంకలో పాపడాల డబ్బా ఉంది.

"లోపలికి రావచ్చునా?" అని అడిగింది.

రమ్మన్నాను. కిరాయి చేతిలో పెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టుకుని, రసీదు మీద సంతకం పెట్టి, ఆ నోట్లను కొంగున ముడేసుకుంది. తర్వాత కొత్త ఓవెన్‌ను కింది నుంచి పైదాకా చూసింది.

"దీని మీద పాపడాలు పెట్టుకోనా బిడ్డా?"

"వద్దత్తమ్మా" అన్నాను.

"మంచిది" అని, డబ్బా చంకలో పెట్టుకుని, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.